ఇంట్లో డాప్లర్‌తో బిడ్డ గుండె చప్పుడు రోజూ వినొచ్చా? దొరకనప్పుడు ఏం చేయాలి?

మీరు రాసింది నాకు అర్థమైన మేరకు ఒకసారి చెప్తానమ్మా, తేడా ఉంటే సరిచేయండి. మీకిప్పుడు 21 వారాలు. కల్వకుర్తి దగ్గర తల్లిగారింట్లో ఉన్నారు, మీ ఆయన ఉద్యోగం హైదరాబాద్‌లో. పోయిన ఏడాది మూడో నెల స్కానింగ్‌లో గుండె ఆగిపోయిందన్నారు. ఆ భయం పోక ఈసారి ఆన్‌లైన్‌లో చిన్న డాప్లర్ మిషన్ తెప్పించుకున్నారు. నాలుగు రోజులు చప్పుడు దొరికింది. ఐదో రోజు రాత్రి గంటసేపు వెతికినా దొరకలేదు. తెల్లవార్లూ ఏడ్చి, పొద్దున్నే స్కానింగ్‌కు పోతే బిడ్డ బాగుందన్నారు, మాయ (ప్లాసెంటా) ముందువైపు ఉందని కూడా చెప్పారు. ఇక మీ ప్రశ్నలు: రోజూ వినొచ్చా, ఎంత ఉండాలి, దొరక్కపోతే ఏం చేయాలి, నర్సింగ్ చదివే తమ్ముడి స్టెతస్కోపుతో వినబడుతుందా.

జవాబు ముందే చెప్పేస్తాను. రోజూ వినకండి. ఆ మిషన్ మీద చప్పుడు దొరకలేదంటే బిడ్డకు ఏమో అయిందని అర్థం కాదు. చప్పుడు దొరికిందంటే బిడ్డ క్షేమమనీ అర్థం కాదు. ఈ రెండో మాట మీకు నచ్చదు. కానీ నేను ఇంత పొడుగు సమాధానం రాస్తున్నది దాని కోసమే.

నేను ఏఎన్ఎంగా చేరింది 1989లో. దేవరకొండ, చందంపేట వైపు పల్లెల్లో, తండాల్లో సబ్ సెంటర్లలో పనిచేసి, చివరికి సూపర్వైజర్‌గా రిటైర్ అయ్యాను. చేరిన కొత్తలో మాకు డాప్లర్ ఎక్కడిది? ఒక అల్యూమినియం గొట్టం ఇచ్చేవాళ్లు, చిన్న బాకా లాగా ఉంటుంది. ఫీటోస్కోపు అంటాం. పినార్డ్ అనే ఫ్రెంచ్ డాక్టరు 1895లో తయారు చేసిన వస్తువు అది. ఇప్పటికీ దాని ఆకారం పెద్దగా మారలేదు. వెడల్పు వైపు కడుపు మీద పెట్టి, సన్న వైపు చెవి ఆనించి, చెయ్యి తీసేసి వినాలి. చెయ్యి తగిలితే మన వేళ్ల చప్పుడే వినబడుతుంది. ట్రైనింగ్‌లో మా ట్యూటర్ చెప్పేది: దిండు కింద చేతి గడియారం పెట్టి, ఆ దిండు మీద తల పెట్టుకుంటే ఎట్ల వినబడుతుందో అట్ల ఉంటుందని. నాకు మొదటిసారి నిజంగా వినబడడానికి మూడు వారాలు పట్టింది. అప్పటిదాకా పక్కనున్న అమ్మాయి "వినబడింది" అంటే నేనూ తలూపేదాన్ని.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, అది చేతి పని. డబ్బా విప్పి, కాగితం చదివి, మొదటిరోజే చేసే పని కాదు. మీకు నాలుగు రోజులు దొరకడమే గొప్ప.

ఐదో రోజు ఎందుకు దొరకలేదు?

మీ కేసులో కారణం మీ స్కానింగ్ రిపోర్టులోనే ఉంది. మాయ ముందువైపు ఉంది. అంటే మీ పొట్ట చర్మానికీ బిడ్డకూ మధ్య ఒక మెత్తటి దిండు అడ్డం పెట్టినట్టు. డాప్లర్ పంపే తరంగాలు ముందు ఆ మాయలో పారే రక్తానికి తగిలి వెనక్కి వస్తాయి. మీరు గంటసేపు విన్నది బహుశా అదే. చేటలో బియ్యం చెరుగుతుంటే వచ్చే చప్పుడు తెలుసు కదా, "సుయ్... సుయ్..." అని? అది మాయదీ, గర్భసంచిదీ. దాని వేగం మీ నాడి వేగమే, 80, 90 అట్లా ఉంటుంది. బిడ్డ గుండె చప్పుడు వేరు. మా చిన్నప్పుడు బావుల మీద ఆయిల్ ఇంజన్లు ఉండేవి, పొలం అవతల నుంచి రాత్రిపూట "టుక్ టుక్ టుక్ టుక్" అని గుక్క తిప్పుకోకుండా వినబడేది. అట్లా ఉంటుంది, చిన్నగా, తొందర తొందరగా.

పైగా 21 వారాలకు బిడ్డ ఇంకా చిన్నది, లోపల జాగా బాగా ఉంటుంది. పొద్దున ఎడమవైపు ఉన్నది రాత్రికి అడ్డం తిరిగి ఉంటుంది, వెన్ను మీ వెన్నువైపు పెట్టుకుని ఉంటుంది. గుండె చప్పుడు బాగా వినబడేది బిడ్డ వీపు ఉన్నచోట. అందుకే మేము గొట్టం పెట్టే ముందు రెండు చేతులతో పొట్ట తడిమి చూస్తాం: తల ఎక్కడ, వీపు ఎటు, కాళ్లు చేతులు ఎటు అని. తల కిందికుంటే బొడ్డుకు దిగువన కుడిపక్కో ఎడమపక్కో, ఎదురుకాళ్లతో ఉంటే బొడ్డుకు పైన వెతుకుతాం. అయితే ఈ తడమడం 28 వారాలు దాటితేనే సరిగ్గా తెలుస్తుంది. మీ నెలలకు నేనొచ్చి తడిమినా వీపు ఎటో చెప్పలేను.

ఎంత ఉండాలి?

నిమిషానికి 110 నుంచి 160 మధ్య. పాత పుస్తకాల్లో 120 నుంచి అని ఉండేది, మేము అదే చదువుకున్నాం. తొమ్మిది, పది వారాలప్పుడు 170 దాకా పోతుంది, తర్వాత మెల్లగా తగ్గుతూ వస్తుంది. అందుకే మూడో నెల స్కానింగ్‌లో 168 అని రాసి, ఐదో నెలలో 146 అని రాస్తే "తగ్గిపోయింది" అని టెన్షన్ పడొద్దు. అట్లానే తగ్గాలి.

ఇంకొకటి, అది ఒకే అంకె దగ్గర నిలబడదు. బిడ్డ కదిలితే పెరుగుతుంది, నిద్రపోతే తగ్గుతుంది. ఒక్కోసారి క్షణం పాటు బాగా కిందికి పడి మళ్లీ లేస్తుంది, ఈ నెలల్లో అది మామూలే. మిషన్ తెర మీద అంకె మారినప్పుడల్లా గుండె ఝల్లుమంటుందని రాశారు, ఆ అంకెను అంత నమ్మొద్దు కూడా. ఈ చిన్న మిషన్లు ఒక్కోసారి ఒక చప్పుడును రెండుగా లెక్కపెడతాయి, ఒక్కోసారి రెండింటిని ఒకటిగా. 140 ఉన్నది 70 అని చూపిస్తుంది, మీ 75ను 150 అని చూపిస్తుంది. దీనిలో రెండోది ఎంత ప్రమాదమో ఆలోచించండి.

అసలు డాప్లర్‌లో మీరు వినేది గుండె చప్పుడు కాదు, ఈ సంగతి చాలామందికి తెలియదు. మన చెవికి వినబడని తరంగాలను అది లోపలికి పంపుతుంది. కదిలే వస్తువుకు తగిలి తిరిగొచ్చిన తరంగం కొంచెం మారి వస్తుంది, ఆ మార్పును మిషన్ చప్పుడుగా తయారు చేసి మనకు వినిపిస్తుంది. కదిలేది ఏదైనా దానికి ఒకటే: బిడ్డ గుండె, మాయలో రక్తం, మీ పెద్ద రక్తనాళం, మీరు తిన్న పప్పన్నం అరుగుతూ పేగులో జరిగే గాలి. మా ఊరి పిల్లగాడొకడు భార్య కడుపు గుడగుడను రికార్డు చేసి "మా బుడ్డోడి హార్ట్ బీట్" అని వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నాడు. మూడు రోజులు అందరూ దండాలు, గుండె బొమ్మలు పెట్టారు. నేను చెప్పలేదు, పాపం సంతోషంగా ఉన్నాడు కదా అని. అదేమో మిషన్ కూడా కాదు, ఫోన్లో యాప్. ఉత్త ఫోన్ మైకుతో బిడ్డ గుండె వినిపిస్తామనే యాప్‌లను నమ్మొద్దు.

వేగాన్ని బట్టి ఆడా మగా చెప్పొచ్చని మీ పిన్ని అన్నదని రాశారు. 140 పైనుంటే ఆడపిల్ల, కిందుంటే మగపిల్లాడు అని నేనూ ముప్పై ఏళ్లు విన్నాను. అబద్ధం. ఒకే బిడ్డకు పొద్దున 135, సాయంత్రం 150 రాసుకున్న కార్డులు నా చేతిలోవే వందలు ఉంటాయి. అసలు అడగడమే నేరం మన దేశంలో, 1994 చట్టం ప్రకారం. మీ పిన్నికి ఈ మాట కొంచెం మెత్తగా చెప్పండి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి

1990ల మధ్యలో, ఒక వానాకాలం. తండాలో ఒక ఆమె ఎనిమిదో నెల కడుపుతో పుణె వైపు మట్టి పని నుంచి తిరిగొచ్చింది. అప్పుడు ఇటు పాలమూరు, అటు మా దేవరకొండ తండాల నుంచి గుంపు మేస్త్రీల వెంట అట్లా పోయేవాళ్లు, కాన్పుకు ఇంటికొచ్చేవాళ్లు. చేతిలో కార్డు ఉండదు, సూది ఉండదు. ఆమెకు చలిజ్వరం. రక్తపు చుక్క తీసుకున్నాను, మాత్రలిచ్చాను, పొట్ట మీద గొట్టం పెట్టాను. చప్పుడు వినబడింది. లెక్కపెడితే 120 పైన. మంచిగుందమ్మా అని చెప్పి, కార్డు మీద రాసి వచ్చేశాను.

రెండు రోజుల తర్వాత జ్వరం తగ్గలేదని ఆమెను పీహెచ్‌సీకి పంపాను, నేనూ వెంట పోయాను. డాక్టరమ్మ గొట్టం పెట్టి, అదే సమయంలో ఇంకో చేత్తో ఆమె మణికట్టు పట్టుకుంది. చాలాసేపు అట్లానే ఉంది. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "నర్సమ్మా, నువ్వు విన్నది ఈమె నాడి" అన్నది. జ్వరానికి తల్లి నాడి 120 దాటి కొట్టుకుంటోంది. అదే నాకు కడుపులో వినబడింది, అదే బిడ్డది అనుకున్నాను. బిడ్డ ఎప్పుడు పోయిందో తెలియదు. నేను పెట్టిన నాటికే పోయి ఉండొచ్చు, నేను సరిగ్గా విన్నా బతికేది కాకపోవచ్చు. డాక్టరమ్మ నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. ఆమె మాత్రం మంచం మీద నుంచి, "నువ్వు మంచిగున్నదంటివి గదా నర్సమ్మా" అన్నది.

ఆనాటి నుంచి రిటైర్ అయ్యేదాకా తల్లి మణికట్టు పట్టుకోకుండా ఎవరి కడుపు మీదా గొట్టం పెట్టలేదు. నా కింద పనిచేసిన పిల్లలతో కూడా అట్లానే చేయించాను, డాప్లర్లు వచ్చినాక కూడా. వాళ్లు విసుక్కునేవాళ్లు. ట్రైనింగ్ అయ్యి, రోజూ పది మంది కడుపులు చూసే నేనే పొరబడ్డాను. రాత్రి పదకొండుకు, ఒంటరిగా, ఏడుస్తూ, వేగంగా కొట్టుకుంటున్న గుండెతో వెతికే మనిషి పొరబడకుండా ఎట్లా ఉంటుంది? భయానికి మీ నాడి కూడా 110, 120కి పోతుంది తెలుసా.

చప్పుడు దొరికినా క్షేమమని ఎందుకు అనలేం?

బిడ్డకు మాయ నుంచి గాలి, ఆహారం తక్కువ అందుతుంటే అది మొదట చేసే పని కదలిక తగ్గించుకోవడం. ఉన్న శక్తిని గుండెకూ మెదడుకూ దాచుకుంటుంది. చేతిలో డబ్బు తక్కువైతే మనం ముందు పండగలు తగ్గించుకుంటాం, అన్నం మానుకోం కదా, అట్లా. గుండె చివరిదాకా కొట్టుకుంటూనే ఉంటుంది, చాలాసార్లు 140 దగ్గరే. అంటే మిషన్ మీద "బాగుంది" అని అంకె కనబడే సమయానికే లోపల ఇబ్బంది మొదలై ఉండొచ్చు.

దవాఖానలో బెల్టులు కట్టి, కాగితం మీద గీత గీయించి చూస్తారే, ఎన్‌ఎస్‌టీ అంటారు, అక్కడ వాళ్లు చూసేది గుండె ఉందా లేదా అని కాదు. 20 నిమిషాల్లో కనీసం రెండుసార్లు గుండె వేగం 15 బీట్లు పెరిగి, 15 సెకన్లు నిలబడిందా అని చూస్తారు. నెలలు దగ్గరపడ్డ బిడ్డ కదిలితే గుండె వేగం అట్లా లేవాలి. లేవకుండా గీత సాఫుగా పోతుంటే డాక్టర్లు ఆలోచనలో పడతారు. మీ చేతి మిషన్ ఒక నిమిషం వినిపించి ఇది చెప్పలేదు.

నాలుగేళ్ల కింద మా ఆడపడుచు కోడలికి, మిర్యాలగూడలో. 37 వారాలు. మా అల్లుడు కంప్యూటర్ ఉద్యోగం, ఇంట్లోనే ఉండి పని, డాప్లర్ ఆయనే కొన్నాడు. ఒకరోజు పొద్దున ఫోన్ చేసి, "అత్తా, పిల్ల నిన్నటి నుంచి కొంచెం డల్‌గా ఉంది, మిషన్లో చూశా, 142 ఉంది, ఏం కాదు కదా" అన్నాడు. వెనక నుంచి మా ఆడపడుచు ఫోన్ గుంజుకుంది. "వదినా, మిషను సంగతి నాకు తెల్వదు. నిన్న పగటి అన్నం కాడికెల్లి పిల్ల మెదులుతలేదంట. నాకు మంచిగనిపిస్తలేదు" అన్నది. బండి ఎక్కించి వెంటనే దవాఖానకు పొమ్మన్నాను, స్నానం కూడా చేయకుండా. గీత సాఫుగా ఉంది. ఉమ్మనీరు బాగా తక్కువ. గంటలోపే ఆపరేషన్ చేశారు. రెండు కిలోల మూడు వందల గ్రాముల పాప, నాలుగు రోజులు గాజు పెట్టెలో పెట్టారు. ఇప్పుడు ఎల్‌కేజీ, నోరు తెరిస్తే మూయదు. మా అల్లుడు ఆ మిషన్‌ను ఏం చేశాడో నేను అడగలేదు.

బ్రిటన్‌లో ఇట్లాంటిదే జరిగి, అది ఇంత బాగా ముగియలేదు. 38 వారాల తల్లి, కదలిక తగ్గింది, ఇంట్లో డాప్లర్‌లో చప్పుడు వినబడిందని ఆగింది. అది ఆమె సొంత నాడో, మాయ చప్పుడో అయ్యుంటుందని డాక్టర్లు 2009లో అక్కడి వైద్య పత్రికలో రాశారు. అమెరికాలో కూడా ఈ మిషన్లను ఇంట్లో సొంతంగా వాడొద్దని 2014లో ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పింది. వాళ్ల లెక్కలో ఇంకో కారణం ఉంది: ఆ తరంగాలు లోపలి కండను కొంచెం వేడి చేయగలవు. దానివల్ల బిడ్డకు హాని అయిందని ఎవరూ నిరూపించలేదు, కాబట్టి మీరు విన్న నాలుగు రోజులకూ, ఆ గంటకూ బాధపడొద్దు. కానీ అవసరం లేని పని రోజూ ఎందుకు?

మరి దేన్ని నమ్మాలి? కదలికను.

తొలి కాన్పు అయితే మామూలుగా 18 నుంచి 20 వారాల మధ్య మొదటిసారి తెలుస్తుంది. మాయ ముందుంటే ఇంకో రెండు మూడు వారాలు లేటు కావచ్చు. మొదట్లో బుడగ పగిలినట్టు, చేపపిల్ల తోక కొట్టినట్టు ఉంటుంది. చాలామంది గ్యాస్ అనుకుంటారు. మీకు ఇప్పటిదాకా సరిగ్గా తెలియలేదని రాశారు, మీ విషయంలో అది వింత కాదు. 24 వారాలు నిండినా ఒక్కసారి కూడా తెలియకపోతే డాక్టర్‌కు చెప్పండి.

24 నుంచి 28 మధ్య ఒకరోజు బాగా, ఒకరోజు తక్కువ ఉంటుంది. 28 దాటాక బిడ్డకు ఒక అలవాటు వస్తుంది. మీరు పని చేసుకుంటుంటే ఊగి నిద్రపోతుంది, రాత్రి మీరు పక్కమీద వాలగానే లేస్తుంది. అప్పటి నుంచి రోజూ తిన్నాక ఎడమవైపు ఒరిగి పడుకుని గమనించండి. ఫోన్ పక్కన పెట్టాలి, టీవీ బంద్. రెండు గంటల్లో పది కదలికలు రావాలని ఒక లెక్క. మాకు ట్రైనింగ్‌లో చెప్పింది పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఒక్కో గంట, గంటకు మూడుకు తగ్గొద్దని. ఏ లెక్క అయినా సరే, అసలు విషయం మీ బిడ్డ రోజూ ఎట్లా ఉంటుందో మీకు తెలిసి ఉండడం. బిడ్డ ఒకేసారి నిద్రపోయేది మామూలుగా 20 నుంచి 40 నిమిషాలు, గంటన్నర దాటడం చాలా అరుదు. రోజూ ఉన్నట్టు లేదు అనిపిస్తే అదే గుర్తు. ఇంకేం పరీక్ష అక్కర్లేదు, మిషన్ తీయొద్దు, రేపు పొద్దున చూద్దాం అనొద్దు, పోవాలి. చల్లటి నీళ్లు తాగితే తిరుగుతుంది, తీపి తింటే తిరుగుతుంది అని ఇంట్లో ప్రయోగాలు చేస్తూ పూట గడపొద్దు.

"నెలలు నిండినాక జాగా లేక కదలిక తగ్గుతుంది" అని మీకు ముసలమ్మలూ చెప్తారు, కొన్నిచోట్ల తెల్లకోటు వేసుకున్నవాళ్లూ చెప్తారు. తప్పు. కదలిక తీరు మారుతుంది, తన్నడం పోయి ఒత్తినట్టు, దొర్లినట్టు ఉంటుంది. కానీ తగ్గొద్దు. కాన్పు నొప్పుల దాకా ఉండాలి.

కదలిక తగ్గినా, రక్తం కనబడినా, ఉమ్మనీరు పోయినా, తలనొప్పితో కళ్లు మసకబారినా, ముఖం ఉబ్బినా 108. మామూలు చెకప్‌లకు పోయి రావడానికి 102 అమ్మ ఒడి బండి ఉంది, మీ ఆశా కార్యకర్తను అడిగితే చెప్తుంది. రెండింటినీ కలగాపులగం చేసుకుని రక్తం పోతున్నా 102 కోసం గడప మీద కూర్చున్నవాళ్లను చూశాను, అందుకే రాస్తున్నాను.

అయినా వినకుండా ఉండలేను అంటే

ఉండలేరని నాకు తెలుసు. మూడో నెలలో ఒకసారి బిడ్డను పోగొట్టుకున్న తల్లికి "భయపడకు" అని చెప్పడం సులువు. నేను చెప్పను. అందుకే వాడే పద్ధతి కూడా చెప్తున్నాను.

వారానికి ఒకసారి, ఐదు నిమిషాలు, గడియారం పెట్టుకుని. పగటిపూట, ఇంట్లో మనుషులు ఉన్నప్పుడు. మూత్రానికి పోయి రండి. వెల్లకిలా చాలాసేపు పడుకోవద్దు, పెద్ద రక్తనాళం మీద బరువు పడి మీకే కళ్లు తిరుగుతాయి. కుడి పిర్ర కింద చిన్న దిండు పెట్టుకుని కొంచెం ఎడమకు ఒరగండి. బొడ్డుకు దిగువన నెమ్మదిగా, వెంట్రుకవాసి జరుపుతూ వెతకండి, గీకొద్దు. చప్పుడు దొరికితే మీ అమ్మగారిని మీ మణికట్టు పట్టుకోమనండి. రెండూ ఒకే లయలో ఉంటే అది మీదే. ఐదు నిమిషాల్లో దొరక్కపోతే తుడిచేసి లేవండి.

అన్నిటికన్నా ముఖ్యం: భయమేసినప్పుడు మాత్రం దాన్ని ముట్టుకోవద్దు. సరదాకు వినండి, ధైర్యం కోసం వినొద్దు. భయమేస్తే మనిషి దగ్గరికి పోవాలి. మీ ఊరి పల్లె దవాఖానలో ఏఎన్ఎం ఉంటుంది, ఆమె దగ్గర కూడా డాప్లరో గొట్టమో ఉంటుంది. రెండు నిమిషాల్లో వినిపిస్తుంది, బీపీ చూస్తుంది, రక్తం ఎంతుందో చూస్తుంది. అసలు మన దగ్గర కడుపుతో ఉన్నవాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది ఆ రక్తహీనత, బీపీలే. డాప్లర్ల మీద పెట్టిన డబ్బు ఇంట్లో బీపీ మిషన్ మీద పెట్టినా నేను మెచ్చుకునేదాన్ని. ప్రతి నెలా 9వ తారీఖు ప్రభుత్వ దవాఖానల్లో గర్భిణులకు డాక్టర్ చూసే రోజు, 2016 నుంచి నడుస్తోంది. మీకు ముందు ఒకటి పోయిందని కార్డు మీద ఎర్రగా రాయించండి, అప్పుడు జాగ్రత్తగా చూస్తారు. ముందుసారి పోయింది కాబట్టి రెండు వారాలకోసారి వచ్చి వినిపించుకుంటానంటే ఏ మంచి ఏఎన్ఎం కాదనదు. నేనైతే టీ కూడా పోయించేదాన్ని.

ఇక మీ తమ్ముడి స్టెతస్కోపు. 20 వారాలు దాటాక వినబడొచ్చు, కానీ మాయ ముందున్న మీకు ఇప్పుడే కష్టం. 30 దాటాక ప్రయత్నించమనండి, గంట లాంటి వైపు పెట్టి, గదిలో ఫ్యాన్ ఆపి. నర్సింగ్ చదువుతున్నాడు కదా, కాలేజీలో పినార్డ్ గొట్టం ఉంటే అడిగి తెమ్మనండి. డాప్లర్‌లా అది తయారు చేసిన చప్పుడు కాదు, గుండె కవాటాలు మూసుకునే అసలు చప్పుడు అందులో వినబడుతుంది. వాడికీ చేయి తిరుగుతుంది.

మీ ఆయన వారానికోసారి వస్తారన్నారు. ఎనిమిదో నెల దాటాక, పొట్ట సన్నగా ఉంటే, బిడ్డ వీపు ముందుకు ఉంటే, ఉత్త చెవి ఆనించినా కొందరికి వినబడుతుంది. 1818లో జెనీవాలో మేయర్ అనే డాక్టర్ మొదట విన్నది అట్లానే, ఏ గొట్టమూ లేకుండా. ఆయన్ను బొడ్డుకు దిగువన, పక్కగా చెవి పెట్టి, మీ మణికట్టు పట్టుకుని, ఊపిరి బిగబట్టి వినమనండి. వినబడకపోయినా ఫర్వాలేదు, ఆ నెలకు లోపల నుంచి చెవి మీద ఒక తన్ను మాత్రం పడుతుంది.

24 వారాలు నిండాక కదలిక ఎట్లా ఉందో ఇక్కడే రాయండి, చూస్తుంటాను.